దించేవాడి మాట

ఆదివారం ఉదయం ఎనిమిదిన్నరకు రెండో లారీ వెనక్కి వచ్చి ర్యాంపుకు ఆనుకుంది. లోపల పన్నెండు ఎర్ర కోడెలు ఉన్నాయి. పదహారు రోజులు ఓడలో ప్రయాణం చేసి రేవులో దిగి, అక్కడి నుంచి గంటన్నర లారీలో వచ్చాయి. డొక్కలు లోపలికి పోయి, తోకల నిండా పేడ అట్టలు కట్టి ఉంది.

పోశన్న ర్యాంపు మొదట్లో నిలబడి చెయ్యి పైకెత్తాడు. ఆ సైగ కోడెలకు కాదు, డ్రైవరుకు. తలుపు తీశాక కాసేపు ఆగమని దాని అర్థం. ఖతర్‌లో అల్ వక్రా దాటి ఎడారిలోకి వెళ్తే వచ్చే ఈ ఫారంలో పదకొండేళ్లుగా పశువులను లారీల నుంచి దించేది అతనే. డ్రైవరు కొత్తవాడు. మధ్యాహ్నంలోగా ఇంకో రెండు ట్రిప్పులు వేయాలి. యల్లా, యల్లా అని తొందరపెడుతూ తలుపుతో పాటు లోపలి అడ్డుగేటు కూడా లాగేశాడు.

ముందున్న కోడె దిగుతూ, ర్యాంపు కింది అంచున ఆగింది. తల నేలకు దించి, ముక్కుతో బలంగా గాలి వదిలింది. వెనకవి దాన్ని తోశాయి. ముందు కాళ్లు రెండూ జారాయి, వెనక కుడికాలు పక్కకు మడతపడింది. కర్ర విరిగినట్టు చప్పుడు.

పది అడుగుల దూరంలో ఉన్న డాక్టరు శేషాచలానికి ఆ చప్పుడు స్పష్టంగా వినిపించింది. ఇరవై రెండేళ్లుగా పశువైద్యం చేస్తున్నవాడికి కాలు చూడకుండానే సంగతి తెలిసిపోయింది. పోశన్న పడిపోయిన కోడె మీదుగా ఎక్కి, రెండో కోడె నుదుటికి తన రెండు చేతులూ అడ్డంపెట్టి వెనక్కి నెడుతున్నాడు. అతని కర్ర దూరంగా కంచెకు ఆనించి ఉంది. శేషాచలం దాన్ని కూడా చూశాడు.

తొడ ఎముక విరిగిన కోడెను బతికించే దారి లేదు. సూది వేసేటప్పుడు పోశన్న మోకాళ్ల మీద కూర్చుని దాని తలను ఒడిలోకి తీసుకున్నాడు. పైకి ఉన్న కంటిని అరచేత్తో మూశాడు. ప్రాణం పోయిన తరువాత కూడా కొంతసేపు ఆ చెయ్యి తీయలేదు. తరువాత లేచి, పైపు కింద చేతులు కడుక్కుని, మిగిలిన పదకొండింటినీ ఒక్కొక్కటిగా దించాడు.

మధ్యాహ్నం ఆఫీసులో ఫారం నిర్వహణ చూసే ముజఫ్ఫర్ అలీ ప్రమాద నివేదిక ముందుపెట్టాడు. హైదరాబాదువాడు, మాట నెమ్మది. కారణం అన్న చోట నాలుగు గళ్లున్నాయి: పశువు, వాహనం, స్థలం, మనిషి. వాహనం అని రాస్తే రవాణా కంపెనీతో పేచీ, రేపటి లారీలు రావు. స్థలం అని రాస్తే ప్రభుత్వ పశుసంవర్ధక శాఖవాళ్లు వచ్చి ర్యాంపు మూసేస్తారు, రేవులో మూడు వందల కోడెలు నిలిచిపోతాయి. ముజఫ్ఫర్ అలీ ఇవన్నీ విడమరిచి చెప్పి, చివరికి అన్నాడు.

“మనిషి అని పెట్టేయుండ్రి డాక్టర్ సాబ్. చిన్న వార్నింగ్ ఇద్దాం. నాలుగు దినాలైతే అందరు మర్చిపోతరు.”

శేషాచలం నాలుగో గడిలో టిక్కుపెట్టి సంతకం చేశాడు. పోశన్నను పిలిపించారు. ఇంగ్లీషులోను, అరబ్బీలోను ఉన్న వార్నింగ్ కాగితం అతని ముందుకు జరిపారు. అతను దాన్ని పైనుంచి కిందికి ఒకసారి చూసి, ఎక్కడ పెట్టాలని అడిగి, తెలుగు అక్షరాల్లో పేరు రాశాడు. రేపటి నుంచి ర్యాంపు దగ్గరికి రావద్దనీ, గడ్డి షెడ్డులో డ్యూటీ అనీ ముజఫ్ఫర్ అలీ చెప్పాడు. పోశన్న తలూపి వెళ్లిపోయాడు. శేషాచలం వైపు చూడలేదు.

సాయంత్రం ఇంటికి బయలుదేరే ముందు శేషాచలం శాఖ నుంచి వచ్చిన కవరు విప్పాడు. మాంసం కోసం పెంచే పశువుల సంక్షేమ ప్రమాణాలను సవరిస్తున్నారు. ముసాయిదా పంపి, ఫారాల అభిప్రాయం గురువారంలోగా చెప్పమన్నారు. అదే రోజు దోహాలో సమావేశం. ఒక్కో పశువుకు ఎంత చోటు ఉండాలి, నీడ ఎంత, తొట్టి పొడవెంత, షాక్ కొట్టే విద్యుత్ కర్రలు వాడకూడదు, ఇలా మంచి మాటలే ఉన్నాయి. పధ్నాలుగో నిబంధన దగ్గర ఆయన ఆగాడు. దించేటప్పుడు పశువుకు గాయమైతే, ఆ సమయానికి డ్యూటీలో ఉన్న కాపరిదే బాధ్యతగా భావించాలి. అతని అనుమతి కార్డు రద్దవుతుంది. దేశంలో మరే ఫారంలోనూ పశువుల పని చేయడానికి వీలుండదు.

కవరు ముందే చదివిన ముజఫ్ఫర్ అలీ, తను రాసిన జవాబు కూడా అందులోనే పెట్టాడు. పధ్నాలుగో నిబంధనను పూర్తిగా సమర్థిస్తున్నాం, మా ఫారంలో ఈ రోజే జరిగిన ఘటన ఇందుకు ఉదాహరణ, అని. కింద డాక్టరు సంతకానికి చోటు వదిలాడు.

*

సోమవారం మూడు లారీలు వచ్చాయి. పోశన్న చోట వేరే మనిషిని పెట్టారు. శేషాచలం ర్యాంపు పక్కన నిలబడి లెక్కపెట్టాడు. ముప్పైఆరు కోడెల్లో ముప్పైఒకటి ర్యాంపు అంచున, నిన్నటి కోడె ఆగినచోటే ఆగాయి. కొత్త మనిషి తోకలు మెలిపెట్టి దించాడు. కాళ్లేవీ విరగలేదు గాని రెండు కోడెలకు మోకాళ్లు చీరుకుపోయాయి. గంటలో కావలసిన పని మధ్యాహ్నందాకా సాగింది.

అదయ్యాక ఆయన గడ్డి షెడ్డుకు వెళ్లాడు. పోశన్న లూసర్న్ గడ్డిని బిగించి కట్టిన బేళ్ల తాళ్లు కత్తితో తెంపుతున్నాడు. తెంపిన ప్రతి తాడునూ చుట్టచుట్టి జేబులో పెట్టుకుంటున్నాడు, మేతలో కలిసి పశువు కడుపులోకి పోకుండా. కోడెలు అక్కడే ఎందుకు ఆగుతున్నాయని శేషాచలం అడిగాడు. తనకేమీ తెలియదన్నాడు పోశన్న. పదకొండేళ్లు చేసినవాడికి తెలియకుండా ఎలా ఉంటుందని అడిగితే, ఇప్పుడు తన డ్యూటీ గడ్డి అని జవాబిచ్చాడు. అందులో కోపం లేదు. అడిగినదానికి చెప్పినట్టే చెప్పి, ఇంకో బేలు కిందికి లాగాడు.

మంగళవారం ఉదయం శేషాచలం మళ్లీ వెళ్లాడు. ఈసారి ఏమీ అడగకుండా ఓ బేలు మీద కూర్చున్నాడు. పోశన్న ఆరు బేళ్లు విప్పేదాకా అలాగే ఉన్నాడు. చివరికి పోశన్నే కత్తి మడిచి, లారీ ఎన్నింటికి వస్తుందని అడిగాడు. ఈరోజు లారీలు లేవని తెలిశాక, సూర్యుడి వైపు ఒకసారి చూసి, రమ్మన్నట్టు తలూపి నడిచాడు.

ర్యాంపు పైభాగాన ఇద్దరూ నిలబడ్డారు. పోశన్న ఆయనను వంగమన్నాడు. ఇంకా వంగమన్నాడు. చివరికి శేషాచలం ప్యాంటు మోకాళ్లు నేలకు ఆనించి, తల కోడె తల ఎత్తుకు తెచ్చాడు.

“ఇప్పుడు జూడుండ్రి సార్. లారీల చీకటి నుంచి ఒచ్చిన్రనుకోండ్రి. జర సేపు కండ్లు మూసి తెరువుండ్రి.”

శేషాచలం కళ్లు మూసి తెరిచాడు. తూర్పు కంచె రేకుల సందుల్లోంచి ఎండ చారలు చారలుగా ర్యాంపు మీద పడుతోంది. నల్లగా ఒకటి, తెల్లగా ఒకటి. అంచున మురుగునీరు పోవడానికి వేసిన ఇనప జాలీ కళ్లు జిగేలుమనేలా మెరుస్తోంది. దాని కింద చీకటి. నిలబడి చూసినప్పుడు అది జాలీ. ఈ ఎత్తు నుంచి చూస్తే నేల అక్కడితో అయిపోయి గొయ్యి మొదలైనట్టుంది.

“దానికి గది బొంద లెక్క గొడ్తది సార్. బొందల దుంకమంటే ఎట్ల దుంకుతది. జర సేపు నిలవెడితే కండ్లు అలవాటైతయి. వాసన జూసుకుంటది. ఒక్కటి దిగితే ఎనకవి అవే దిగుతయి.”

ఇంతకాలం మరి ఎలా దించావని శేషాచలం అడిగాడు. తలుపు తీశాక నూరు లెక్కపెట్టేదాకా ఆపుతానన్నాడు పోశన్న. కంచె సందులకు అట్టముక్కలు కడతానని, జాలీ మీదా ర్యాంపు మీదా పాత దాణా సంచులు పరిచి, వాటి మీద నాలుగు పిడికిళ్ల గడ్డి చల్లుతానని చెప్పాడు.

“ఆదివారం ఎందుకు పరవలేదు?”

పోశన్న జాలీ వైపు చూశాడు.

“శనివారం మీరే తీయమన్నరు గద సార్. ఫోటోలు దీయాలె, ఇదంత చెత్త లెక్క ఉన్నదని. అన్ని దీసి కాలవెట్టిచ్చిన్రు.”

శేషాచలం ఇంకా మోకాళ్ల మీదే ఉన్నాడు. శనివారం సాయంత్రం గుర్తుకొచ్చింది. శాఖకు పంపడానికి ఫారం ఫోటోలు కావాలన్నారు. పేడ అంటిన గోనెలూ అట్టముక్కలూ చూసి, ఇదంతా ఏమిటి, శుభ్రం చేయించండి అని సూపర్‌వైజరుతో తనే అన్నాడు. అవి అక్కడ ఎందుకున్నాయో అడగలేదు. ఎవరు పెట్టారో అడగలేదు. ఫోటోల్లో ర్యాంపు కడిగిన పళ్లెంలా వచ్చింది.

ఈ మాట ఆ రోజే ఎందుకు చెప్పలేదని ఆయన అడిగాడు.

“మీరే డాక్టరు. మీకెట్ల జెప్తం,” అన్నాడు పోశన్న. శేషాచలం లేవడానికి చెయ్యి ఆసరా ఇచ్చాడు.

*

ఆ సాయంత్రం అబూ హమూర్‌లోని ఫ్లాటులో శేషాచలం భార్య సావిత్రి పరీక్ష పేపర్లు దిద్దుతోంది. దగ్గర్లోని స్కూల్లో ఆమె సైన్సు టీచరు. ఆయన అన్నం ముందు కూర్చుని కలిపిన ముద్ద కలిపినట్టే ఉంచి, జరిగినదంతా చెప్పాడు. ముజఫ్ఫర్ అలీ వాదన గురించి చెప్పాడు, అందులో న్యాయం లేకపోలేదన్నాడు. పోశన్న కార్డు జనవరిలో రెన్యూ కావాలని, ఈ నివేదిక ఫైల్లో ఉంటే కాదని కూడా చెప్పాడు. ఆమె ఎర్ర పెన్ను మూతపెట్టి అంతా విన్నది.

“అతను సంతకం పెట్టిన కాగితంలో ఏముందో ఎవరైనా చదివి వినిపించారా?” అని అడిగింది.

ఆయన లేదన్నాడు. ఆమె పెన్ను మూత తీసి పేపర్లలోకి తల దించింది.

బుధవారం పొద్దున్నే శేషాచలం ఫైలు నుంచి ఆ కాగితం తీసుకుని గడ్డి షెడ్డుకు వెళ్లాడు. పోశన్నను కూర్చోమని, ఒక్కో వాక్యాన్నీ తెలుగులోకి మార్చి చదివాడు. పైన పేర్కొన్న కాపరి పశువును కర్రతో బెదిరించి, తొందరపెట్టి, అది జారిపడటానికి కారకుడైనాడు. తన తప్పును అతను అంగీకరిస్తున్నాడు. ఇటువంటి తప్పు మళ్లీ జరిగితే స్వదేశానికి పంపడానికి అతనికి అభ్యంతరం లేదు.

పోశన్న రేడియోలో వార్తలు వింటున్నట్టు తల ఒక పక్కకు వంచి విన్నాడు. అయిపోయాక, కర్రతో అని రాశారా అని అడిగాడు. రాశారన్నాడు శేషాచలం.

“నేను కర్ర వట్టలేదు సార్.”

“తెలుసు. నేను చూశాను.”

పోశన్న ఆయన మొహంలోకి చూశాడు. ఆదివారం నుంచి అలా చూడటం అదే మొదటిసారి. లేచి చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. ఊళ్లో తన భార్యకు తెలిస్తే ఏమనుకుంటుందో అన్నాడు చివరికి. నా పెనిమిటి దుబాయ్‌ల పసులను సూసుకుంటడు, ఒక్క దెబ్బ కొట్టడు అని నలుగురితో చెప్పుకుంటుందట. ఊళ్లోవాళ్లకు గల్ఫంతా దుబాయే.

శేషాచలం ఆఫీసుకు వచ్చి తలుపు వేసుకుని రాశాడు. ముజఫ్ఫర్ అలీ జవాబు పక్కన పెట్టి, వేరే కాగితం మీద మొదటి నుంచి రాశాడు. కంచె సందుల నీడలు, జాలీ, నూరు లెక్కపెట్టడం, సంచులు. సోమవారం ముప్పైఆరింటిలో ముప్పైఒకటి ఆగిన లెక్క. సంచులు తీయించింది తానేనని, ప్రమాద నివేదికలో తాను రాసిన కారణం నిజం కాదని రాశాడు. ప్రతిసారీ దించేవాడిదే తప్పు అని రాసుకుంటే ర్యాంపు ఎప్పటికీ బాగుపడదని, అందువల్ల పధ్నాలుగో నిబంధన తీసేయాలని రాశాడు.

ముజఫ్ఫర్ అలీ రెండుసార్లు చదివాడు. కోప్పడలేదు. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

“ఇది పంపితే పోశన్నకు ఏమైతదో నాకు తెల్వదు గని, మీకేమైతదో తెలుసు. దొంగ రిపోర్టు అంటరు. లైసెన్సు మీద ఒస్తది. సోంచాయించిన్రా?”

ఆలోచించానన్నాడు శేషాచలం. నిజానికి ఆయన భయపడుతూనే ఉన్నాడు. కంపెనీ కాగితం మీద ఇది పంపనివ్వనని ముజఫ్ఫర్ అలీ చెప్పాడు. పంపవద్దని మాత్రం అనలేదు. అభిప్రాయం ఎవరైనా సొంతంగా కూడా చెప్పవచ్చని ముసాయిదా చివరి పేజీలో ఉందని తనే గుర్తుచేసి, కళ్లజోడు మళ్లీ పెట్టుకుని వేరే ఫైలు తెరిచాడు.

*

గురువారం సమావేశానికి అరవై మంది దాకా వచ్చారు. ఫారాల యజమానులు, మేనేజర్లు, డాక్టర్లు. శాఖ తరఫున ఒక ఖతరీ అధికారిణి ముసాయిదాను ఒక్కో నిబంధనే చదివించింది. తొట్టి పొడవు మీద గంటసేపు వాదించుకున్నారు. నీడ కొలతల మీద ఇంకో గంట. పధ్నాలుగోది చదివినప్పుడు ఎవరూ ఏమీ అనలేదు. నాలుగైదు తలలు సరేనన్నట్టు ఊగాయి. ఆమె పేజీ తిప్పబోతుండగా శేషాచలం లేచాడు.

రాసుకొచ్చిన కాగితం చేతిలో ఉంది గాని చూడలేదు. ఇంగ్లీషులో, చిన్న చిన్న వాక్యాల్లో చెప్పాడు. ఆదివారం మా ఫారంలో ఒక కోడె కాలు విరిగింది. దించే మనిషి తప్పని నేను సంతకం చేశాను. అది అబద్ధం. అతను ఆ పశువుల కోసం పరిచిన సంచులను అంతకు ముందురోజు తీయించింది నేనే. మీకు పంపే ఫోటోల కోసం.

హాల్లో కుర్చీల చప్పుడు ఆగింది. మిగతాది ఆయన ఆగకుండా చెప్పాడు. మోకాళ్ల మీద వంగి తాను చూసిన చారలు, జాలీ, వాటిని తనకు చూపించిన మనిషి పేరు.

ఆ పోశన్న ఇక్కడికి వచ్చారా అని అధికారిణి అడిగింది. లేదన్నాడు. ఆమె కొంచెం ఆలోచించి, హాలు మొత్తాన్ని అడిగింది.

“లారీ నుంచి పశువును తన చేతుల్తో దించేవాళ్లు ఇక్కడ ఎంతమంది ఉన్నారు? చెయ్యెత్తండి.”

ఎవరూ ఎత్తలేదు. ఆమె కాసేపు చూసింది. తరువాత పెన్ను తీసి తన కాగితంలో పొడుగ్గా ఏదో రాసుకుంది. ఫారాలకు వెళ్లి, దించేవాళ్లను వాళ్ల భాషలోనే అడిగేదాకా పధ్నాలుగో నిబంధనను పక్కన పెడుతున్నామని చెప్పింది. ఆపైన శేషాచలం వైపు తిరిగి, అదే గొంతుతో, తప్పుడు నివేదిక సంగతి వేరే చూడాల్సి ఉంటుందని, అది తేలేదాకా ఆయన ఏ పత్రం మీదా సంతకం చేయరాదని చెప్పింది. ఆయన తలూపి కూర్చున్నాడు. చేతిలోని కాగితం చెమటకు మెత్తబడింది.

శనివారం ముజఫ్ఫర్ అలీ ఫోన్ చేశాడు. వార్నింగ్ వెనక్కి తీసుకున్నామని, పోశన్నకు ర్యాంపు డ్యూటీ తిరిగి ఇచ్చామని చెప్పాడు. శేషాచలం బదులు సంతకాలకు ఇంకో ఫారం నుంచి సూడాన్ డాక్టరు వస్తాడట. జీతం సంగతి కంపెనీ ఇంకా ఏమీ తేల్చలేదన్నాడు. ఫోన్ పెట్టేసే ముందు, రేపు మీరు ఊరికెనే రావచ్చు, గేటు దగ్గర ఎవరూ ఆపరు అన్నాడు.

ఆదివారం శేషాచలం వెళ్లాడు. తనతో పాటు ఒక కాగితం తీసుకెళ్లాడు. ముజఫ్ఫర్ అలీ ఇంటికి పంపిన, వార్నింగ్ రద్దు చేసిన ఉత్తరం అది, ఇంగ్లీషులోను, అరబ్బీలోను ఉంది. కింద ఖాళీ జాగాలో రాత్రి తన చేత్తో దాన్ని తెలుగులో రాశాడు. పోశన్న దాన్ని ఎండలో పట్టుకుని వేలితో ఒక్కో మాట వెంటా పోతూ చదివాడు. కర్ర అన్న మాట దగ్గర వేలు ఆగింది. “కర్రతో బెదిరించాడన్నది నిజం కాదు.” అక్కడే ఇంకోసారి చదువుకున్నాడు. మడిచి చొక్కా లోపలి జేబులో పెట్టుకుని, లారీ వస్తున్నదని చెప్పి వెళ్లిపోయాడు. థాంక్సు చెప్పలేదు. శేషాచలం దానికోసం ఎదురుచూడలేదని అనడానికి లేదు.

కంచె సందులకు ప్లైవుడ్ బిగించారు. ర్యాంపు మీద రబ్బరు చాపలు వేశారు. సూడాన్ డాక్టరు ఆఫీసులో పత్రాలు చూసుకుంటున్నాడు. శేషాచలం ఎప్పుడూ నిలబడే చోటే, ర్యాంపు అంచుకు ఎదురుగా, తెల్లకోటు జేబుల్లో చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. ఇరవై రెండేళ్లలో దించేటప్పుడు చేయడానికి పనేమీ లేకుండా నిలబడటం ఇదే మొదలు.

తలుపు తెరుచుకుంది. పోశన్న పెదవులు కదుపుతూ లెక్కపెట్టాడు. నూరు అయింది. మొదటి కోడె చాప మీద గిట్ట మోపి, రెండోది మోపి, సగం దూరం వచ్చి ఆగిపోయింది. తల ఎత్తింది. చెవులు ముందుకు నిలిపింది. డ్రైవరు స్టీరింగ్ మీంచి చేతులు తీసి కూర్చున్నాడు. పోశన్న కోడె వైపు చూశాడు, తరువాత దాని చూపు వెంట ఎదురుగా చూశాడు.

“సార్,” అన్నాడు, పశువు బెదరకుండా గొంతు బాగా తగ్గించి. “జర అటు జరుగుండ్రి. మిమ్ములనే జూస్తున్నది.”

శేషాచలం వెనక్కి అడుగులు వేశాడు. నీళ్ల ట్యాంకు గోడ వెనక్కి వెళ్లి నిలబడ్డాడు. అక్కడి నుంచి ర్యాంపు కనబడదు. ఎండకు కాలిన సిమెంటు గోడ, దాని మీద తేమ చారిక, అంతే. కాసేపు ఏ చప్పుడూ లేదు. తరువాత రబ్బరు మీద గిట్టలు మెత్తగా పడటం మొదలైంది. ఒకటి. వెనకే ఇంకొకటి. ఆయన మనసులోనే లెక్కపెట్టుకుంటూ, పన్నెండోది నేల మీద దిగేదాకా ఆ గోడ వెనక నుంచి కదల్లేదు.